ఓడ బొమ్మ సీసా

గ్లాసులు కడగడానికి వనజమ్మకు ఒక పద్ధతి ఉండేది. కుంకుడు రసం తగలకూడదు. సబ్బు అసలే తగలకూడదు. జల్లించిన బూడిదతో తోమి, వేణ్ణీళ్లతో తొలిచి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కతో తుడిచి, నోరు పైకి ఉండేటట్టు నిలబెట్టాలి. బోర్లిస్తే బల్ల వాసన గ్లాసులోకి ఎక్కుతుందని నూర్ అహ్మద్ చెప్పాడు. ఇదెక్కడి చాదస్తమని ఆమె మొదట్లో నవ్వుకుంది. తర్వాత ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక గ్లాసు బోర్లించి, ఇంకొకటి నిలబెట్టి, గంట పోయాక రెండూ వాసన చూసింది. బోర్లించిన దాంట్లో వంటింటి బల్ల మీది ఇంగువ సన్నగా తగిలింది. ఆ రోజు నుంచి నూర్ అహ్మద్ మాట మీద ఆమెకు గురి కుదిరింది.

వనజమ్మ పెనిమిటి ఆదినారాయణ రెడ్డి. పులివెందులలో వాళ్లకు వేరుసెనగ చేలు, కాస్త చీనీ పండ్ల తోట. మూడు నెలలకొకసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, ఆ ఇంటికి ముగ్గురు స్నేహితులు వచ్చేవారు. ఒకరు జమ్మలమడుగు డాక్టరు దేవసహాయం, ఒకరు ప్రొద్దుటూరులో నూనె మిల్లు ఉన్న చెన్నకేశవులు, మూడో మనిషి అదే ప్రొద్దుటూరులో చిన్న బట్టల అంగడి పెట్టుకున్న నూర్ అహ్మద్. ఒక నెల పులివెందుల, ఒక నెల జమ్మలమడుగు, ఒక నెల ప్రొద్దుటూరు మిల్లు. నూర్ అహ్మద్ ఇంటి గడప విస్కీ సీసా దాటకూడదు కాబట్టి అతనికి మాత్రం వంతు లేదు.

నలుగురూ పెద్ద యుద్ధంలో, బర్మాలో, ఒకే పటాలంలో పనిచేసినవాళ్లు. ఆదినారాయణ జమేదారు, దేవసహాయం పటాలం డాక్టరు, చెన్నకేశవులు సప్లై చూసేవాడు, నూర్ అహ్మద్ ఆఫీసర్ల మెస్సులో హవల్దారు. దొరల పక్కన నాలుగేళ్లు మెలిగినందుకు ముగ్గురికి స్కాచి విస్కీ రుచి పట్టుబడింది. నూర్ అహ్మద్‌కు వాసన పట్టుబడింది. అతను ఒక్క చుక్క నోట్లో వేసుకుని ఎరగడు.

అవి మద్యనిషేధం రోజులు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లయింది. పటాలంలో చేసి వచ్చినందుకు ముగ్గురికీ పర్మిట్లు ఉండేవి. పర్మిట్ మీద దొరికేది కొంచెమే కాబట్టి, తాగడం కన్నా రుచి చూడడమే వాళ్ల పనిగా పెట్టుకున్నారు. కడపలో లైసెన్సున్న అంగడికి వాళ్ల కాగితాలు పట్టుకుపోయి సీసా తెచ్చేది నూర్ అహ్మద్. తెర చాటున నిలబడి పోసేది కూడా అతనే. ముందుగా తన గ్లాసులో కొంచెం పోసుకుని, ముక్కు కింద పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. తర్వాత మిగతా మూడు గ్లాసుల్లో విస్కీ ఎంతో కూజాలోని నీళ్లూ అంత పోసి తెచ్చి పెట్టేవాడు. అది మెస్సు పద్ధతి. నీళ్లు కలిస్తే గానీ దాని గుట్టు బయటపడదని దొరలు చెప్పేవాళ్లట. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా రుచి చూసి, పదికి ఇన్ని మార్కులని చీటీల మీద రాసేవారు. డాక్టరు వాటిని ఒక నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఆ తర్వాత చీకటి పడేదాకా వాదులాట.

వనజమ్మ ఇంటర్మీడియట్ చదివింది. సీసాల మీద ఇంగ్లీషు పేర్లు చదవగలదు. అయినా బొమ్మలతోనే గుర్తు పెట్టుకునేది. జింక తలది, కోటది, ఓడ బొమ్మది.

"వాసన చూస్తే మాత్రం తప్పు కాదా నూరన్నా?" అని ఒకసారి అడిగింది.

"గాలికి పర్మిట్ అక్కర్లే చెల్లెమ్మా," అన్నాడతను.

వీధిలో ఆడవాళ్లు వనజమ్మను చూసి జాలిపడేవారు. మొగుడు తాగుతాడు, పైగా ఊళ్లు తిరిగి తాగుతాడు, ఇంటికి కూడా పిలుచుకుంటాడు. వనజమ్మ ఆ జాలిని కాదనేది కాదు. కాదంటే అసలు సంగతి చెప్పాల్సి వస్తుంది.

అసలు సంగతి ఏమిటంటే, యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఆదినారాయణ ఆరేళ్లు మాట్లాడలేదు. మూగవాడు కాలేదు. ఊ అనేవాడు, సరే అనేవాడు, గింజలెన్ని మూటలని అడిగితే చెప్పేవాడు. అంతే. చేను నుంచి వచ్చి వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంటే మళ్లీ చేనుకు పోయేదాకా అక్కడే. వనజమ్మకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. ఒకరోజు బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఒక మనిషి గుమ్మం ముందుకు వచ్చాడు. వసారాలో ఉన్న మనిషిని చూసి, మూట దించి, అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆదినారాయణ తలెత్తి చూశాడు. నూర్ అహ్మద్ ఆ రోజు ఒక్క చీర అమ్మలేదు. పొద్దుగూకేదాకా ఆయన పక్కన ఊరికే కూర్చుని లేచి వెళ్లిపోయాడు. నెల తర్వాత డాక్టరును, చెన్నకేశవులును వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిసంచిలో ఒక సీసా. ఆ మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న వనజమ్మకు వసారాలో నుంచి ఒక కొత్త గొంతు వినిపించింది. ఎవరా అని తొంగి చూస్తే అది ఆదినారాయణ గొంతే. జింక బొమ్మ సీసా కన్నా కోట బొమ్మది ఎందుకు మేలో ఆయన చెన్నకేశవులుకు చెబుతున్నాడు. ఉల్లిపాయలు ఉండడం మంచిదైంది, కళ్లకు ఒక సాకు దొరికింది.

అందుకని ఆమె గ్లాసులు అంత శ్రద్ధగా కడిగేది.

*

ఆ ఆదివారం పులివెందుల వంతు. ఓడ బొమ్మ సీసా తెరిచారు. చీటీలు డాక్టరు చేతికి చేరాయి. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"చెన్నకేశవులు, మూడు. నేను, నాలుగు. రెడ్డి, ఏడు."

"పోయిన నెల మా మిల్లులో ఇదే ఓడకు తొమ్మిది ఏసినా," అన్నాడు చెన్నకేశవులు. "పులివెందులకు వచ్చేసరికి మునిగిపాయె. ఏమప్పా రెడ్డీ, మీ ఇంట్లో సీసాలకు ఏం దిష్టి తగుల్తాంది?"

"తగిలింది నీ నాలికకు. పొద్దున ఏం మింగి వచ్చినావో."

"ఉగ్గాని తిన్న్యా. అది కూడా తప్పేనా?"

"బజ్జీలు ఎన్ని?" అన్నాడు డాక్టరు.

"లెక్క పెట్టల్యా."

డాక్టరు నోటుబుక్కు వెనక్కి తిప్పాడు. "తమాషా కాదప్పా. జింక తలదీ ఈడ ఇట్లనే అయింది. కోటదీ ఇంతే. ఇది మూడోసారి. మా ఇంట్లో ఎనిమిది, మిల్లులో తొమ్మిది, ఈడ మూడు. జబ్బు ఏందో నాకు అంతుపట్టడంల్యా."

నూర్ అహ్మద్ నీళ్లు కలపని తన గ్లాసును మళ్లీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మాల్ అస్లీనే డాక్టర్ సాబ్. పోయిన నెలదీ ఇదీ ఒక కడుపున పుట్టిన పిల్లోల్లే."

"నీ ముక్కుకు వయసైపోయింది. దానికి కూడా ఏమన్నా కళ్లజోడు దొరుకుతాదేమో అడుగు," అన్నాడు చెన్నకేశవులు.

నూర్ అహ్మద్ నవ్వాడు. డాక్టరూ నవ్వాడు. ఆదినారాయణ నవ్వలేదు. వనజమ్మ తలుపు దగ్గర నుంచి అది చూసింది.

సాయంత్రం బస్సుకు వాళ్లు వెళ్లిపోయాక ఆయన స్తంభం దగ్గర కూర్చున్నాడు. వనజమ్మ గ్లాసులు ఏరుకుంటూ ఉంటే, తల ఎత్తకుండానే అన్నాడు.

"వచ్చే నెల జమ్మలమడుగులో అడిగేస్తా. అందరి ముందర్నే అడుగుతా."

"ఏమని?"

"నా సీసాలో అసలు సరుకు యాడికి పోతాంది అని. అదే బొమ్మ, అదే అంగడి. వాళ్ల ఇండ్లల్లో తొమ్మిది, నా ఇంట్లో మూడు. మధ్యలో ఉండే చెయ్యి ఒక్కటే కదా."

వనజమ్మ చేతిలో గ్లాసులు కిందపెట్టింది. "నూరన్నను అంటాండావా మామా?"

"తెచ్చేది ఎవరు? పోసేది ఎవరు? బాగుండాదని చెప్పేది ఎవరు? ఒకసారైతే సరే అనుకుంటి. మూడుసార్లు."

"నువ్వు ఏడు ఏసినావు కదా?"

"నా నాలిక మాటేముందిలే. అయినా జమ్మలమడుగులో తాగితే ఆ రుచి వేరు, ఈడ వేరు. అది నాకూ తెలుస్తానే ఉండాది." స్తంభాన్ని అరచేత్తో తట్టి, "నన్ను పిచ్చోడనుకుంటాండాడు. వసారాలో స్తంభం మాదిరి కూర్చున్నేటోడికి ఏం పోసినా ఒకటేలే అనుకుంటాండాడు," అన్నాడు.

ఆయన ఆ మాట నలుగురిలో అంటే నూర్ అహ్మద్ తిరిగి ఒక్క మాట అనడు. లేచి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. అతను లేకపోతే ఆ ఆదివారాలు ఉండవు. ఆదివారాలు లేకపోతే ఈ మనిషి మళ్లీ ఆ స్తంభానికే ఆనుకుంటాడు. ఇంకో ఆరేళ్లా, అరవయ్యేళ్లా, ఎవరికి తెలుసు? వచ్చే రెండో ఆదివారానికి నాలుగు వారాలు ఉంది.

*

మర్నాడు పొద్దున పెంచలమ్మ వెనక గుమ్మం నుంచి నీళ్ల బిందెతో వచ్చింది. ఆమె ఆ ఇంట్లో పనిచేసి పదేళ్లయింది. ఊరి బయటి మంచినీళ్ల బావి నుంచి రోజూ ఒక బిందె, ఆదినారాయణ చేనుకు పోయాక, ఎవరూ చూడకుండా తేవాలి. అది వనజమ్మ ఆజ్ఞ.

"పెరట్లో బావి పెట్టుకోని దొంగతనంగా నీళ్లు తెప్పించుకునే ఇల్లు నేను యాడా చూడల్యా తల్లీ," అంది పెంచలమ్మ, బిందె దించుతూ.

"పప్పు ఉడకాల కదా."

"ఈ నీళ్లకు ఉడకదని రెడ్డికి చెప్పేస్తే పోలా? ఏమన్నా కొడతాడా?"

"కొట్టేటోడైతే ఎప్పుడో చెప్పేదాన్ని," అంది వనజమ్మ.

ఆ బావి కథ అది. ఆదివారాలు మొదలైన కొన్నేళ్లకు, ఒకరోజు ఉన్నట్టుండి ఆదినారాయణ పెరట్లో ముగ్గుతో ఒక గుండ్రం గీశాడు. "ఊరి బయట బావికాడ బిందెల కొట్లాటలు శానా అయిపోయినాయి. నీకు ఇంట్లోనే నీళ్లు పడాల," అన్నాడు. తనకోసం ఏదైనా చేస్తానని ఆయన అన్నది పెళ్లయ్యాక అదే మొదలు. బావి తవ్వే ఒడ్డెవాళ్లతో పాటు తానూ లోపలికి దిగేవాడు. నల్లరాయి పడింది, పేల్చారు. ఐదు నెలలు పట్టింది. నీళ్లు పడిన రోజు నడుముదాకా బురదతో పైకి ఎక్కివచ్చి, మొదటి చెంబు ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె తాగింది. ఉప్పు, ఉప్పు వెనక చేదు. ఆయన ఆమె మొహమే చూస్తున్నాడు.

"ఎట్లుండాయి?"

"కొబ్బరి నీళ్ల మాదిరి ఉండాయి మామా," అంది వనజమ్మ.

ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ఏడెనిమిది నెలలుగా ఎన్ని పనులు చేసిందో ఆమెకే తెలుసు. పప్పుకు, చారుకు పెంచలమ్మ బిందె. ఇంటికి వచ్చినవాళ్లకు మంచినీళ్లు అడిగే సందు ఇవ్వకుండా ముందే మజ్జిగ. ఆదినారాయణకు మాత్రం చేనులో, ఇంట్లో, ఆ బావి నీళ్లే. అలవాటుపడిపోయాడు. వాటికి మించినవి లేవంటాడు. ఆదివారం కూజా మాత్రం తానే స్వయంగా తోడి నింపేవాడు. స్నేహితుల గ్లాసులోకి తన బావి నీళ్లే పోవాలని పట్టుదల.

వనజమ్మ పొయ్యి మీద పప్పు కుండలోకి బిందె వంచింది. వంచిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

నూర్ అహ్మద్ తన గ్లాసులో నీళ్లు కలుపుకోడు.

బాగుందని చెప్పే ముక్కు ఒట్టి విస్కీని వాసన చూస్తుంది. బాగాలేదని చెప్పే నాలుకలు సగానికి సగం నీళ్లు తాగుతున్నాయి. మొదటిసారి మార్కులు పడిపోయింది ఎప్పుడు? జింక తల సీసా రోజు. అది బావిలో నీళ్లు పడిన మరుసటి నెల.

"పప్పు పొంగుతాంది తల్లీ," అంది పెంచలమ్మ.

ఆమె వెళ్లిపోయాక వనజమ్మ అలమారా తెరిచింది. నిన్న మిగిలిన ఓడ బొమ్మ సీసా ఉంది. రెండు గ్లాసుల్లో తలా కొంచెం పోసి, ఒకదాంట్లో పెంచలమ్మ నీళ్లు, ఒకదాంట్లో పెరటి బావి నీళ్లు సమంగా కలిపింది. ముందు వాసన చూసింది. తేడా కొంచెం తెలిసింది గానీ నమ్మకం చాలలేదు. సగం సగం తెలుసుకోవడం ఆమెకు నచ్చదు. పెరటి తలుపు గొళ్లెం వేసి వచ్చి, చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మొదటిది మండింది. మంట వెనక పొగలో కాల్చిన జొన్నకంకి లాంటి రుచి ఒకటి వచ్చి కాసేపు నిలిచింది. రెండోది కూడా మండింది. మంట వెనక మాత్రం ఏమీ లేదు, సుద్ద నాకినట్టు ఉంది. నోరు పుక్కిలించి, ఒక యాలక్కాయ వేసుకుని కూర్చుంది.

నిజం తెలిసింది. ఇక దాన్ని చెప్పడమే మిగిలింది.

నూర్ అహ్మద్‌ను నిర్దోషి అనాలంటే బావిని దోషి అనాలి. ఆ బావి ఆరేళ్ల మౌనం తర్వాత ఆయన చేసిన మొదటి పని. అది ఉప్పుబావి అంటే ఆయన ఏమైపోతాడు? పైగా, కొబ్బరి నీళ్లన్నది ఎవరు? తానే. నలుగురి మధ్య నెలనెలా పేరుకుంటున్న అనుమానానికి విత్తనం వేసింది ఆ చెంబు దగ్గర తానన్న మాటే. ఎవరికీ తెలియకుండా కూజాలో నీళ్లు మార్చేద్దామా అనుకుంది. మళ్లీ పులివెందుల వంతు మూడు నెలలకు గానీ రాదు. ఆయన అడగబోయేది వచ్చే నెల.

మూడు వారాలు ఆమె ఈ ఆలోచనతోనే వండింది, వడ్డించింది. ఒకరోజు చారులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆదినారాయణ ఏమీ అనకుండా తిన్నాడు. మాటలు తగ్గిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఇక ఆగలేదు.

*

జమ్మలమడుగు సభకు ముందురోజు, శనివారం పొద్దున, చేనుకు పోబోతున్న మనిషిని కూర్చోబెట్టి ముందర రెండు గ్లాసులు పెట్టింది.

"ఏందిది, పొద్దున్నే?"

"తాగొద్దు. రుచి చూసి చెప్పు."

ఆయన ఆమెను వింతగా చూసి, ఒకటి చప్పరించాడు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది.

"ఇది జమ్మలమడుగు రుచి. యాడిది ఇది? డాక్టరు పంపించినాడా?"

"రెండూ మన ఓడ బొమ్మదే. పోయిన నెల మిగిలింది."

"మరి?"

"ఇది ఊరి బయట బావి నీళ్లు." వనజమ్మ రెండో గ్లాసు మీద చెయ్యి పెట్టింది. "ఇది మన బావి."

ఆదినారాయణ రెండు గ్లాసులూ చూశాడు. లేచి పెరట్లోకి వెళ్లాడు. బావి గట్టు మీద రెండు చేతులు ఆనించి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. వనజమ్మ వంటింటి గడప మీద కూర్చుంది. పిలవలేదు. ఆయన అక్కడ ఎంతసేపు ఉన్నాడో గానీ పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. తిరిగి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"ఎన్ని దినాల నుంచి తెలుసు నీకు?"

"మొదటి దినం నుంచి."

"కొబ్బరి నీళ్లంటివి."

"అంటి."

"పప్పు బాగా ఉడుకుతానే ఉండె కదా?"

"పెంచలమ్మ తెస్తాంది నీళ్లు. నువ్వు చేనికి పోయినాక."

ఆయన నేల మీద వేలితో ఒక గుండ్రం గీశాడు. ఆ మౌనం ఎటు పోతుందోనని ఆమె ఆ వేలినే చూసింది. చివరికి ఆయన మీసం కింద పెదవి కదిలింది.

"సంతలో అందరికీ చెప్పుకున్న్యా. మా బావి నీళ్లకు కందిబ్యాళ్లు వెన్న మాదిరి ఉడుకుతాయని. ఇద్దరు ముగ్గురు బిందెలు కూడా తీసుకపోయినారు."

"మళ్ల రాలేదు కదా?"

"రాలే." ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనేమో మర్యాదకు రాలేదనుకున్న్యా."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"నూరన్నను నువ్వింకా ఏమీ అనలే కదా మామా. నీళ్లు మార్చుకుంటే సరిపోతాది. ఎవరికీ తెలియాల్సిన పని లేదు."

"అనలే," అన్నాడాయన. "అనుకున్న్యా కదా."

కండువా భుజాన వేసుకుని గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు. "రేపు నువ్వు కూడా రా. నువ్వు వస్తే నాకు మాట పడిపోదు."

*

ముద్దనూరు మీదుగా బస్సులో జమ్మలమడుగు చేరేసరికి మూడైంది. డాక్టరు ఇల్లు ఆసుపత్రి ఆవరణలోనే. డాక్టరు భార్య గ్రేసమ్మ వనజమ్మను వంటింట్లోకి తీసుకుపోయి స్టూలు వేసింది. మధ్య తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో నలుగురు మగవాళ్లూ కనిపిస్తున్నారు. మూలన పెన్నేటి ఇసుకలో చెలమ తోడి తెచ్చిన నీళ్లు, తడిగుడ్డ చుట్టిన కుండలో.

నూర్ అహ్మద్ సంచిలో నుంచి సీసా తీయబోతుంటే ఆదినారాయణ అన్నాడు.

"ఆగు నూర్. ముందు నేనొక మాట చెప్పాల."

చెప్పాడు. బావి సంగతి, నీళ్ల సంగతి, వనజమ్మ రెండు గ్లాసుల సంగతి. తడబడుతూ చెప్పాడు గానీ ఏదీ వదల్లేదు.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆసుపత్రికి వచ్చినోళ్లందర్నీ ఏం నీళ్లు తాగుతాండారని అడుగుతా నేను. ముందు అదే అడుగుతా. మూడుసార్లు మీ ఇంట్లో కూర్చోని ఆ మాట తోచకపాయె చూడు."

"వదినమ్మకు తోచింది," అన్నాడు చెన్నకేశవులు. "పర్మిట్ ఆమె పేర మార్పించు రెడ్డీ. నువ్వు పప్పు ఉడకేసుకో."

"అది అయిపోలే," అన్నాడు ఆదినారాయణ. నూర్ అహ్మద్ వైపు తిరిగాడు. "నేను నిన్ను అనుమానించినా. సీసా మారుస్తాండావనుకున్న్యా. ఈరోజు ఈడ అందరి ముందర అడగాలని కూడా అనుకున్న్యా."

వంటింట్లో గ్రేసమ్మ చేతిలో గరిటె ఆగింది. వనజమ్మ నూర్ అహ్మద్ కాళ్ల వైపు చూసింది. ఇప్పుడు లేస్తాడు. ఇప్పుడు చెప్పులు వేసుకుంటాడు.

"తెలుసు జమేదార్ సాబ్," అన్నాడు నూర్ అహ్మద్.

"ఏం తెలుసు?"

"పోయిన నెల నువ్వు నవ్వలేదు కదా. అప్పుడే తెలిసింది." అతను సీసాను సంచిలో నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. "నీళ్ల సంగతి కూడా తెలుసు."

"ఎట్ల?"

"సాయంత్రం అసర్ నమాజుకు ముందు మీ బావికాడ్నే కదా నేను చేతులూ మొహం కడుక్కోని వజూ చేసుకునేది. నోట్లో మూడుసార్లు నీళ్లు పోసుకోని పుక్కిలించల్ల. మొదటి దినమే నాలిక చెప్పేసింది."

"ఇన్ని నెలల నుంచి తెలిసి, నోరు మూసుకోని కూర్చున్నావా?" అన్నాడు చెన్నకేశవులు. "నీ ముక్కు మీద నేనన్ని మాటలు అన్న్యా కదప్పా."

"నీ మాటలు నాకొక లెక్కనా?" నూర్ అహ్మద్ ఆదినారాయణ మొహంలోకి చూశాడు. "నువ్వు నన్ను చెయ్యి పట్టుకోని ఆ బావికాడికి తీసుకపోయినావు. నూర్, ఇది నేను తవ్వినా అన్నావు. మనం బర్మా నుంచి వచ్చినాక, నేను చేసినా అని నువ్వు చెప్పిన పని అదొక్కటే. దాన్ని ఉప్పు అని నేనెట్ల అంటా? అంటే మళ్ల నోరు మూసుకుంటావేమోనని భయం."

"నిన్ను దొంగ అనుకున్నా ఫర్వాల్యా?"

"దొంగతనం లేదు కదా. ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తాది. నువ్వు మళ్ల మాట్లాడకుండా పోతే, అది ఎప్పుడు తిరిగొస్తాదో నాకు తెలీదు."

వనజమ్మ ఆ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఇన్ని నెలలూ ఆ మనిషిని తానొక్కతే కాచుకుంటున్నాననుకుంది. మూడు నెలలకొకసారి వచ్చిపోయే ఒక బట్టల అంగడి మనిషి, తన పరువు ఒడ్డి, అదే కాపలా కాస్తున్నాడు. ఒకరికొకరు తెలియకుండా ఇద్దరూ ఒకే అబద్ధాన్ని చెరో కొసా పట్టుకుని నిలబెట్టారు. ఆమె రెండు చేతులూ జోడించింది. నూర్ అహ్మద్ అది చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"బావిని పూడిపిచ్చేస్తా," అన్నాడు ఆదినారాయణ.

"పూడిపిస్తే నేను ఆ ఇంటికి రాను," వంటింటి గుమ్మంలో నుంచే అంది వనజమ్మ. తాను ఆ ఇంటి మనిషేనన్న సంగతి ఆ క్షణానికి మరిచిపోయి అంది. చెన్నకేశవులు మొదట నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. "కొట్టంలో ఎనుములు తాగుతాయి, గోడలు మెత్తడానికి పనికొస్తాది. పప్పుకు పెంచలమ్మ ఎదురుగానే తెస్తాదిలే, ఇంక దొంగతనం ఎందుకు."

బయట పొద్దు వాలుతోంది. నూర్ అహ్మద్ గడియారం చూసుకుని లేచాడు. నమాజు వేళైంది. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వెనక వసారాలోకి నడిచాడు. అక్కడ ఒక రాతిపలక, పక్కన నీళ్ల చెంబు.

అతను వంగి చెంబు అందుకోబోయే లోపల ఇంకో చెయ్యి దాన్ని తీసుకుంది. ఆదినారాయణ ఆ చెంబును తడిగుడ్డ చుట్టిన కుండలో ముంచి నింపుకుని వచ్చాడు.

"నువ్వెందుకు జమేదార్ సాబ్. నేను పోసుకుంటాలే."

"చెయ్యి పట్టు."

"మంచిగుండదు. ఎవరన్నా చూస్తే—"

"చూడనీ. పట్టు."

నూర్ అహ్మద్ రెండు చేతులూ దోసిలిగా పట్టి పలక మీద కూర్చున్నాడు. ఆదినారాయణ పంచె ఎగదోపుకుని పక్కన గొంతుక్కూర్చుని, సన్నటి ధారగా పోయడం మొదలుపెట్టాడు. నీళ్లు మణికట్ల మీదుగా జారి పలక మీద పడుతున్నాయి. గ్రేసమ్మ ఏదో అడుగుతోంది. వనజమ్మకు వినబడలేదు. చెంబు ఖాళీ అయ్యేసరికి ఆమె ఇంకొకటి నింపి, పెనిమిటి చేతికి అందించింది.